జేసీబీ పుట్టినరోజుకి ఇంట్లో చేసుకునే ఆటలు: ఏది పెట్టాలి, ఏది మానేయాలి

మా వాడికి అయిదేళ్లు నిండబోతుంటే కేకు మీద ఏం బొమ్మ కావాలని అడిగాను. "జేసీబీ" అన్నాడు. చొక్కా మీద? జేసీబీ. గోడ మీద? జేసీబీ. 1945లో ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన పెట్టిన కంపెనీకి ఆయన పేరులోని పొడి అక్షరాలే పేరయ్యాయని, మనం మాత్రం మట్టి తవ్వే పసుపురంగు బండి ఏది కనిపించినా అలాగే పిలిచేస్తామని చెప్పబోయాను. కిటికీలోంచి ఎదురు సైటు చూపించి, "అది జేసీబీ కాదమ్మా, పొక్లెయిన్. దానికి టైర్లుండవు, చైనుంటుంది" అని నన్నే దిద్దాడు. ఇంత తెలిసినవాడి ముందు నాలుగు బెలూన్లు కట్టి మ్యూజికల్ చైర్స్ పెడితే పరువు పోతుంది.

అందుకని ఆటలన్నీ ఇంట్లోనే తయారుచేశాం. ఆ ఏడాది మావాడికి ఒకసారి, తర్వాత మా ఆడపడుచు కొడుక్కి ఇంకోసారి. రెండు పార్టీలకి కలిపి పన్నెండు ఆటలు తయారుచేస్తే పిల్లలు మనసుపెట్టి ఆడినవి ఆరు. మిగతావి ఎందుకు తుస్సుమన్నాయో చెబితే మీకు కొన్ని రాత్రుల నిద్రయినా మిగులుతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది "క్రేనుకి కొక్కెం తగిలించే" ఆట మీద. మూడు రాత్రులు కూర్చుని రెండు చార్టుల మీద క్రేను బొమ్మ వేశాను. కళ్లకి గంతలు కట్టుకుని వెళ్లి, కొక్కెం సరైన చోట అంటించాలి. చూడ్డానికి ఎంత బాగుందో. వచ్చిన పిల్లలు 14 మంది. గంతలు కట్టి, రెండు చుట్లు తిప్పి, వదిలి, అంటించేదాకా ఒక్కొక్కరికి నిమిషంన్నర. మొత్తం 21 నిమిషాలు. అంటే ఒక్కో పిల్లాడు నిమిషంన్నర ఆడి, పంతొమ్మిదిన్నర నిమిషాలు లైన్లో నిలబడాలి. అయిదేళ్లవాడు లైన్లో నిలబడి ఏం చేస్తాడు? ముందున్నవాణ్ని తోస్తాడు. ఆరో పిల్లాడి వంతు వచ్చేసరికి లైనే లేదు. గంతలు కట్టగానే ఒక పాప ఏడుపు లంకించుకుంది, అది వేరే సంగతి.

అప్పటినుంచి ఏ ఆటనైనా రెండు ప్రశ్నలతో తూస్తున్నాను. ఒక్కో పిల్లాడు తన వంతు కోసం ఎంతసేపు ఆగాలి? ఒకసారి ఆడాక మళ్లీ పేర్చాలంటే ఎవరి నడుం వంగాలి? ఈ రెండింటికీ సరైన జవాబు వచ్చిన ఆట ఎంత మొరటుగా ఉన్నా ఆడుతుంది. రానిది ఎంత ముద్దుగా ఉన్నా ఫొటోలకే పనికొస్తుంది.

తవ్వే ఆట: దేనిలో తవ్వించాలి?

జేసీబీ పార్టీ అన్నాక తవ్వకం ఉండాల్సిందే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, లోపల దాచిన వస్తువులు, తవ్వడానికి బొమ్మ జేసీబీ లేదా గరిటె. ఇంతవరకు ఎవరికైనా ఒకటే. తేడా అంతా టబ్బులో ఏం నింపుతామన్న దాంట్లోనే ఉంది.

ముందుగా ఎవరికైనా తట్టేది ఇసుక. మేమూ కట్టుబడి జరుగుతున్న చోట అడిగి రెండు బకెట్లు తెచ్చాం. జల్లెడ పడితే ఒక తుప్పుపట్టిన మేకు, రెండు బీడీ ముక్కలు వచ్చాయి. అక్కడే ఆగి ఉండాల్సింది. ఆగలేదు. పది నిమిషాల్లో ఒక పిల్ల కంట్లో ఇసుక పడింది. నీళ్లతో కడిగి, వాళ్లమ్మ ఒళ్లో పడుకోబెట్టి, ఆ ఏడుపు ఆగేసరికి కేకు టైమైంది. ఇసుక తప్పేమీ లేదు, పొడి ఇసుకని హాల్లో పెట్టడం నా తప్పు. మేడ మీదో పెరట్లోనో పెట్టి, ముద్ద కట్టేంత తడిపితే అది ఎగరదు. పైగా తడి ఇసుక ఉంటే పిచ్చుక గూళ్లు కట్టించొచ్చు. పాదం మీద ఇసుక కప్పి, బాగా తట్టి, కాలు మెల్లగా వెనక్కి లాగితే గూడు నిలబడుతుంది. మా ఆడపడుచు ఇంట్లో పిల్లలు బొమ్మ జేసీబీలు పక్కన పడేసి అరగంట దానిమీదే కూర్చున్నారు. అమెరికాలో ఉండేవాళ్లకి ఈ జల్లెడ బాధ లేదు. అక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో పిల్లల కోసం కడిగిన ప్లే శాండ్ బస్తాల్లోనే దొరుకుతుంది.

బియ్యం వద్దు. "తినే బియ్యం కాళ్లకింద తొక్కిస్తారా?" అని మా అత్తగారు అన్న మాట ఒక కారణం. మార్బుల్ ఫ్లోర్ మీద బియ్యపు గింజలు పడితే పరిగెత్తే పిల్లలు జర్రున జారడం ఇంకో కారణం.

మరమరాలు చవక. ఒక పెద్ద సంచీతో టబ్బు నిండుతుంది. నోట్లో వేసుకున్నా కంగారు లేదు. కాకపోతే ఫ్యాను ఆపాలి, మే నెలలో అది కుదిరే పని కాదు. మర్నాడు పొద్దున చీమలు వస్తాయి. రాజ్మా, శనగలు చూడ్డానికి కంకరలా బాగుంటాయి కానీ పార్టీకి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లలో రెండేళ్ల వాళ్లు ఉంటారు. ముక్కులో పెట్టుకోవడానికి అంత అనువైన గింజ ఇంకోటి లేదు. బొమ్మల భద్రతా పరీక్షల్లో ఒక చిన్న గొట్టం వాడతారు, వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకి ప్రమాదమనే లెక్క. దాచే వస్తువులకీ అదే కొలత పెట్టుకోండి. గోలీలు వద్దు, వెడల్పాటి డబ్బా మూతలు, పాత చెంచాలు, కాస్త పెద్ద ప్లాస్టిక్ కార్లు చాలు. ధర్మాకోల్ పూసల గురించి అసలు ఆలోచించకండి. సంక్రాంతికి కూడా సోఫా కిందనుంచి వస్తూనే ఉంటాయి.

నా ఓటు కొబ్బరి పొట్టుకి. నర్సరీల్లో కోకోపీట్ దిమ్మ అంటే ఇస్తారు. అయిదు కిలోల దిమ్మకి ముందురోజు రాత్రి నీళ్లు పోస్తే పొంగి 60 లీటర్లు దాటుతుంది. రెండు టబ్బులు నిండుతాయి. పిండేసి కొద్దిగా తడిగా ఉంచితే దుమ్ము లేవదు, రంగు మట్టిలాగే ఉంటుంది, బొమ్మ జేసీబీ బొచ్చెలోకి నిండుగా వస్తుంది. పార్టీ అయ్యాక తులసి కుండీలోకి, కరివేపాకు కుండీలోకి. ఒక్కటే చిక్కు, తెల్లబట్టల మీద గోధుమరంగు మరక పడుతుంది. కింద పట్టా పరచండి, ఆహ్వానంలోనే "పాత బట్టలేసి పంపండి" అని రాయండి. ఎలాగూ ఎవరూ పాత బట్టలేసి పంపరు, కానీ మనం చెప్పినట్టుంటుంది.

ఒక టబ్బు చుట్టూ నలుగురికి మించి పట్టరు. కాబట్టి దీన్ని పోటీగా పెట్టొద్దు. పార్టీ మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఒక మూల ఉంచేయండి. వేరే ఆట నచ్చనివాడు, అలిగినవాడు, కొత్తగా వచ్చి బెరుగ్గా ఉన్నవాడు అక్కడ చేరతారు.

కట్టే ఆటలు: కప్పులా, అట్టపెట్టెలా, శనగలా?

కట్టడానికి నేను మూడు రకాలు ప్రయత్నించాను. మూడూ పనికొచ్చాయి, కానీ ఒకే వయసుకి కాదు.

పేపరు కప్పులు అన్నిటికన్నా సులువు. ఒక్కొక్కరికి పది కప్పులిస్తే కింద నాలుగు, పైన మూడు, రెండు, ఒకటి. అందరూ ఒకేసారి కడతారు, వంతు కోసం చూడక్కర్లేదు. కూలినా మళ్లీ పేర్చుకునేది వాళ్లే. నా రెండు ప్రశ్నలకీ ఇంత సూటిగా జవాబు చెప్పిన ఆట ఇంకోటి లేదు. చివర్లో అందరి కప్పులూ కలిపితే కింద 13 పెట్టి పైకి పోతూ ఒకటితో ముగిసే గోడకి 91 కప్పులు పడతాయి. దాదాపు అయిదేళ్ల పిల్లాడి ఎత్తు వస్తుంది. పైవరస పెట్టడానికి స్టూలు కావాలి, పెద్దవాళ్లు పట్టుకోవాలి. దీనికీ ఫ్యాను శత్రువే. ఏసీ గాలి కూడా నేరుగా తగలకూడదు.

అట్టపెట్టెలు ఇంకా బాగుంటాయి, ఎందుకంటే పిల్లలకి పెద్ద వస్తువు ఎత్తితేనే పని చేసినట్టు. నెలరోజుల ముందునుంచి కిరాణా కొట్లో అడిగి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి పోగేయాలి. నలభై పెట్టెలు పోగయ్యేసరికి బాల్కనీలో బట్టలారేయడానికి చోటుండదు. ఇంట్లో చోటు లేకపోతే కప్పులతోనే సరిపెట్టుకోండి, బాధపడక్కర్లేదు. పెట్టెలకుండే స్టేపుల్ పిన్నులు మాత్రం కూర్చుని పీకేయాలి. రంగులు వేయడం దండగ.

పెట్టెలతో ఒక చిన్న కిటుకు ఉంది. మేస్త్రీ ఇటుక పేర్చేటప్పుడు చూడండి, జాయింటు మీద జాయింటు రానివ్వడు. కింద రెండు ఇటుకలు కలిసే చోట పైన ఇటుక మధ్యభాగం పడుతుంది. బరువు పక్కకి పంచుకుని గోడ ఒక్కటిగా నిలబడుతుంది. అవే పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చితే వేలితో నెట్టినా ఒక స్తంభం పడిపోతుంది. అందుకని నాలుగైదేళ్లవాళ్లకి నిట్టనిలువుగా పేర్చనిచ్చాం, కూల్చినప్పుడు ధబాల్న పడుతుంది, వాళ్లకి అదే కావాలి. ఎనిమిదేళ్లవాళ్లకి మేస్త్రీ పద్ధతి నేర్పాం. వాళ్ల గోడ మూడు దెబ్బలకి కూడా పూర్తిగా పడలేదు. ఆ గర్వం చూడాలి!

ఏడేళ్లు దాటినవాళ్లు ఎక్కువమంది ఉంటే నానబెట్టిన శనగలు, టూత్‌పిక్‌లు పెట్టండి. ఇది నేను కనిపెట్టింది కాదు. కిండర్‌గార్టెన్ చదువుకి ఆద్యుడైన జర్మనీ పంతులు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ పద్ధతిలో నానిన బఠాణీలకి పుల్లలు గుచ్చి కట్టే పని ఒకటి ఉండేది. 1899లో అమెరికాలో ఒక కిండర్‌గార్టెన్‌లో నాలుగేళ్ల పిల్లాడు, చూపు సరిగా ఆననివాడు, మిగతావాళ్లలా చదరంగా పెట్టెల్లాంటి ఇళ్లు కట్టకుండా చేతికి ఏది గట్టిగా తగిలితే అది కడుతూ పోయి త్రికోణాల చట్రం తయారుచేశాడట. అతనే తర్వాత జియోడెసిక్ గుమ్మటాలతో పేరుపడ్డ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. మీ బల్ల మీదా అదే జరుగుతుంది. పిల్లలు ముందు చతురస్రం కడతారు, అది పక్కకి ఒరుగుతుంది. ఏటవాలుగా ఒక పుల్ల గుచ్చమనండి, బిగుసుకుంటుంది. కాబూలీ శనగలు నల్లవాటికన్నా నయం, ఎనిమిది గంటలు నాననిచ్చి, వడకట్టి, గుడ్డతో తుడవండి. మరీ నానితే చీలిపోతాయి. అయిదేళ్లలోపు వాళ్లున్న బల్ల మీద మాత్రం టూత్‌పిక్‌లు వద్దే వద్దు.

కూల్చే ఆట ఒకటి ఉండాలి

ఏది మానేసినా ఇది మానొద్దు. పిల్లలు కట్టేది కూల్చడానికే. ఇందులో పోల్చి చూసుకోవాల్సింది బంతి విసరడమా, వేలాడదీయడమా అన్నది.

విసిరే బంతికి ఖర్చు లేదు కానీ గురి తప్పిన బంతి టీవీ వైపో, పకోడీ ప్లేట్ల వైపో పోతుంది. ఆరుబయట పెద్ద పిల్లలుంటే విసిరే ఆటల్లో మన ఏడు పెంకులాటని మించింది లేదు. పేర్చడం, కొట్టడం, మళ్లీ పేర్చడం అన్నీ అందులోనే ఉన్నాయి. పెంకుల బదులు ఏడు చిన్న అట్టపెట్టెలు పెడితే పార్టీకి తగ్గట్టుంటుంది.

హాల్లో అయినా మేడ మీద అయినా వేలాడే గుండు మేలు. పాత లెగ్గింగ్ కాలు ఒకటి కత్తిరించి, అడుగున స్పాంజి బంతి వేసి ముడేయండి. మేడ మీద బట్టల తాడుకో, రెండు గుంజలకి కట్టిన గట్టి కర్రకో వేలాడదీయండి. బంతి నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. ఇక్కడ ఒక్క నియమం పిల్లలందరిచేతా చెప్పించండి: "వెనక్కి లాగు, వదిలెయ్, నెట్టొద్దు." ఊరికే వదిలిన గుండు తిరిగొచ్చినా వదిలిన చోటు దాటి రాదు. నెడితే మాత్రం దాటి వచ్చి నెట్టినవాడి ముక్కుకే తగులుతుంది. మావాడు ముక్కుకి ఆనించుకుని వదిలి, కదలకుండా నిలబడి, గుండు ముక్కు దాకా వచ్చి ఆగిపోతే కళ్లు మిటకరించాడు. తర్వాత అందరికీ అదే కావాలి, గోడ సంగతి మర్చిపోయారు.

ఒక్క గుండు, పద్నాలుగు మంది అంటే మళ్లీ లైను బెడద. మేము నలుగురేసి జట్లు కట్టాం. ఒకడు గుండు వదులుతాడు, ముగ్గురు గోడ కడతారు, ప్రతిసారీ పని మారుతుంది. గోడ కట్టడం కూడా ఆటే కాబట్టి ఎవరూ ఊరికే నిలబడరు, మన నడుమూ వంగదు. రెండు గుండ్లు కట్టగలిగితే ఇంకా మంచిది. మా అపార్ట్‌మెంట్లో పెద్దవాళ్లు దీనికి హైదరాబాదులో ఆక్రమణలు కూల్చే సంస్థ పేరు, "హైడ్రా" అని పెట్టి, వాళ్లే ఎక్కువ ఆడారు.

మోసే ఆటలు

చెంచాలో నిమ్మకాయ బదులు బొమ్మ టిప్పర్లో బంతి పెట్టి తోసుకెళ్లే రేసు చాలామంది పెడతారు. బాగానే ఉంటుంది కానీ ఓడినవాడి ముఖం చూడలేం. దానికి బదులు గమేళాల గొలుసు పెట్టండి. మా ఊళ్లో ఇంటికి స్లాబు వేసిన రోజు నాకింకా గుర్తు. మిల్లరు దగ్గర్నుంచి నిచ్చెన మెట్ల మీదుగా పైదాకా మనుషులు నిలబడి, కాంక్రీటు గమేళాలు చేతులు మారుతూ పైకి పోయేవి, ఖాళీవి కిందికి వచ్చేవి. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, ఆడా మగా కలిసి, మధ్యాహ్నానికల్లా ముగించారు. అదే పద్ధతి. పిల్లల్ని రెండు వరసలుగా నిలబెట్టి, రెండు ప్లాస్టిక్ బేసిన్లలో కాగితపు ఉండలో స్పాంజి ముక్కలో వేసి ఒకరినుంచి ఒకరికి అందించాలి. ఖాళీ బేసిన్ వెనక్కి వస్తుండగానే రెండోది బయల్దేరాలి. అందరి చేతుల్లోనూ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా కలిపి ఆడించగలిగిన ఆట నాకు ఇదొక్కటే దొరికింది.

మిగిలినవి చకచకా

మాస్కింగ్ టేపుతో నేల మీద రోడ్లు వేసి బొమ్మకార్లు వదలడం మొదటి అరగంటకి దివ్యంగా పనికొస్తుంది. ఆరింటికి రమ్మంటే ఆరున్నర నుంచి ఏడు దాకా ఒక్కొక్కరే వస్తారు కదా, వచ్చినవాడు వచ్చినట్టు రోడ్డు మీదకి దిగుతాడు. మేడ మీదైతే టేపు ఎందుకు, ముగ్గు చాలు.

అయస్కాంతం క్రేను ముచ్చటగా ఉంటుంది. పాత స్పీకరులోని గుండ్రటి అయస్కాంతానికి తాడు కట్టి కర్రకి వేలాడదీస్తే సోడా మూతల్ని ఎత్తుతుంది. ఇంట్లో స్టీలు గ్లాసులు చాలావరకు అంటుకోవు, అది కూడా పిల్లలకి వింతే. గుండీల్లాంటి చిన్న బలమైన అయస్కాంతాలు మాత్రం తేవద్దు. రెండు మింగితే కడుపులో పేగుల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న చోటికే ఈ ఆట. పదిమంది వస్తే మళ్లీ లైనే.

కరెంటు పోయినా, కేకు ఆలస్యమైనా ఆదుకునేది స్టాచ్యూ. ఒక అట్ట మీద ఒకవైపు "పని", రెండోవైపు "ఆపు" అని రాసి తిప్పుతుంటే చాలు. "పని" అన్నప్పుడు అందరూ రోడ్ రోలరు లాగానో పొక్లెయిన్ లాగానో కదలాలి.

మరి మీ ఇంటికి ఏది?

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఎనిమిది మంది పిల్లలు, అందరూ ఆరేళ్లలోపు: నేల మీద టేపు రోడ్లు, బాల్కనీలో ఒక కోకోపీట్ టబ్బు, కప్పులు. కూల్చడానికి కప్పుల గోడే చాలు, మడిచిన సాక్సు ఉండలతో కొట్టమనండి. ఇంతకు మించి పెట్టొద్దు.

మేడ కానీ కమ్యూనిటీ హాలు కానీ ఉండి, పదిహేను మంది దాకా వస్తే వేలాడే గుండు, అట్టపెట్టెలు, గమేళాల గొలుసు. గంటన్నరకి ఈ మూడు, ఒక టబ్బు ఎక్కువే. అన్ని వయసులవాళ్లూ కలిసి వస్తుంటే సామాను చిన్నవాళ్లని చూసి ఎంచుకోండి, నియమాలు పెద్దవాళ్లని చూసి పెట్టండి. పెద్ద పిల్లలే ఎక్కువైతే శనగలు, టూత్‌పిక్‌లు ఒక బల్ల మీద, ఏడు పెంకులాట బయట.

తాతయ్యలుంటే వాళ్లకో ఉద్యోగం ఇవ్వండి. మా మామగారు కొలత టేపు, రసమట్టం పట్టుకుని ఇంజినీరు గారిలా తిరిగారు. ఒక్కో పెట్టెల గోడ మీదా రసమట్టం పెట్టి, లోపల బుడగ మధ్యకి వచ్చిందా లేదా అని పిల్లలచేతే చెప్పించారు. బహుమతులు ఎవరికీ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. బుడగ చూడ్డానికి మాత్రం కొట్టుకున్నారు.

ఆఖరి ఆటగా "సైటు ఖాళీ చేయడం" పెట్టండి. రెండు పెద్ద అట్టపెట్టెలు టిప్పర్లు. చెత్త నింపి గుమ్మం దాకా తోసినవాళ్లకే కేకు. నేల మీది టేపుని మాత్రం ఆ రాత్రే పీకేయండి. నేను బద్ధకించి నాలుగు రోజులు ఉంచాను. జిగురు గీకడానికి రెండు ఆదివారాలు, అరసీసా కొబ్బరినూనె పట్టింది.